ఇరవై ఎనిమిది నంబర్లు

మా నాన్న టోకుజోకి బేస్‌బాల్ మీద అసలు ప్రేమ శీతాకాలంలోనే. ఎండాకాలంలో మా ఊరి జట్టు ఓడిపోతుంది. శీతాకాలంలో ఓడిపోదు, ఎందుకంటే అప్పుడు ఆటలుండవు. నవంబరు నుంచి జనవరి దాకా ఏ జట్టు ఎవర్ని తెచ్చుకుంటుంది, ఎవర్ని వదులుకుంటుంది అన్న మాటలే ఉంటాయి. మాటల్లో మా నాన్నని ఓడించినవాడు హమాజు ఊళ్ళో ఇంతవరకూ లేడు.

మాది రేవు దగ్గర, స్టేడియానికి రెండు సందుల ఇవతల, మూడు కుర్చీల కటింగ్ షాపు. మొదటి కుర్చీ నాన్నది, రెండోది అమ్మ ఫుసాయేది, మూడోది నాది. మా ఊరి జట్టు పేరు ఉజుషియో, అంటే సముద్రపు సుడి. ఉన్నచోటే గిరగిరా తిరగడం తప్ప ముందుకి పోదని మావాళ్ళే ఎగతాళి చేస్తుంటారు. ఆ జట్టులోనే మా ఆయన కెంగో క్యాచర్. బంతి విసిరే పిచ్చర్‌కి ఎదురుగా గొంతుక్కూర్చుని పట్టేవాడన్నమాట. వీపు మీద ముప్పై ఏడో నంబరు. పన్నెండేళ్ళ నుంచి జట్టులో ఉన్నాడు, అందులో తొమ్మిదేళ్ళు మూడో క్యాచర్‌గా. మొదటివాడికి వేలు విరిగితే రెండోవాడు ఆడతాడు. రెండోవాడికి కూడా ఏదైనా అయితే అప్పుడు కెంగో. అంతకు ముందు సీజన్లో మొత్తం పంతొమ్మిది ఆటలు ఆడాడు. మిగతా రోజుల్లో మైదానం వెనక షెడ్డు దగ్గర కూర్చుని, ఆటకి దిగబోయే పిచ్చర్ల చేతులు వేడెక్కేదాకా వాళ్ళ బంతులు పట్టాడు.

నాకు అప్పుడు ముప్పై ఒకటి, కెంగోకి ముప్పై మూడు. ఆ ఏడు నవంబరులో, ఉత్తరాన మంచు ప్రాంతంలో ఉన్న అకిసావా జట్టు నుంచి హయాసె బయటికొస్తున్నాడని వార్త వచ్చింది. హయాసె అంటే బంతిని గోడ దాటించే హోమ్ రన్లు ఏడాదికి ముప్పై కొట్టేవాడు. ఇష్టమైన జట్టుకి పోయే హక్కు సంపాదించుకున్నాడు. నాలుగు జట్లు అతని వెంట పడ్డాయి, అందులో ఉజుషియో కూడా ఒకటి.

"వస్తాడంటావా టోకు?" అని అడిగాడు ఒగురా. రేవు మార్కెట్లో చేపముద్దని కడ్డీకి చుట్టి కాల్చే చికువ కొట్టు అతనిది. నాన్నకి బడిలో చదువుకున్నప్పటి స్నేహితుడు. జుట్టు సగం పైన రాలిపోయినా వారానికోసారి షాపుకి రాకుండా ఉండడు.

"వస్తాడు."

"పోయినేడు కూడా ఇట్లాగే అన్నావు. ఎవరొచ్చారు? ఆ మెక్సికో ఆయన. మే నెలలో పన్ను నొప్పని ఇంటికెళ్ళాడు, ఇంక మొహం కనబడితే ఒట్టు."

"అతన్ని ఎవరో వీడియోలో చూసి తెచ్చారు. హయాసెని నేను కళ్ళారా చూశాను. ఏటా మన పిచ్చర్లని చావగొడుతూనే ఉన్నాడుగా."

"మన పిచ్చర్లని మా ఆవిడ కూడా కొడుతుంది."

పక్క కుర్చీ దగ్గర అమ్మ ఎంత నవ్విందంటే కస్టమరు మెడ మీంచి కత్తి తీసి పక్కకి పట్టుకోవాల్సి వచ్చింది.

నాన్న నవ్వలేదు. ఆయన బాధ అల్లాంటిది. పద్దెనిమిదేళ్ళ కిందట మా జట్టులోని పెద్ద బ్యాటర్ ఒకడు రాజధాని జట్టుకి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఆ ఖాళీ నిండుతుందేమోనని నాన్న కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నాడు. వచ్చినవాళ్ళు లేకపోలేదు. భుజం పోయాక వచ్చినవాడు ఒకడు. వచ్చాక భుజం పోయినవాడు ఇంకొకడు. మంచివాడు దొరికేలోపే మావాళ్ళు వెనకడుగు వేస్తారు. పెళ్ళిచూపులకి వెళ్ళి టీ తాగి తిరిగొచ్చే రకం అని నాన్న వాళ్ళని తిట్టిపోసేవాడు. తిట్టి, మళ్ళీ మర్నాడు పొద్దున్నే మూడు స్పోర్ట్స్ పేపర్లు కొనుక్కొచ్చేవాడు. హయాసె తూర్పుకి పోతున్నాడని ఒక పేపరు రాసేది, ఎక్కడికీ పోవట్లేదని ఇంకోటి రాసేది. హయాసె రహస్యంగా హమాజు వచ్చి చికువ తిని వెళ్ళాడని మూడోది రాసింది. అది తన చికువే అని ఒగురా నెల్లాళ్ళు చెప్పుకు తిరిగాడు.

ఆ పేపర్లలో ఓ మూల, అకిసావా మొదటి క్యాచర్ మోకాలికి ఆపరేషన్ జరిగిందని నాలుగు లైన్ల వార్త పడింది. నాన్న దాన్ని కత్తిరించి అద్దం అంచులో దోపాడు. అక్కడ అప్పటికే హయాసె వార్తలు ఇరవై దాకా ఉన్నాయి. దీన్ని ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా.

డిసెంబరు ఆరున, మధ్యాహ్నం టీవీ వార్తల్లో, హయాసె ఉజుషియో టోపీ పెట్టుకుని కనిపించాడు. నాన్న అప్పుడు ఒక బ్యాంకాయనకి గడ్డం గీస్తున్నాడు. కత్తి అట్లాగే గాల్లో ఆగిపోయింది.

"కత్తి ఇటివ్వండి," అని అమ్మ లాక్కుని మిగతా గడ్డం తను గీసింది.

నాన్న బయటికెళ్ళి సందులో కాసేపు నిలబడి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చలిగాలి అన్నాడు. సాయంత్రం కెంగో ప్రాక్టీసు నుంచి వస్తే అతని రెండు చేతులూ పట్టుకుని, "వచ్చే ఏడు మనం గెలుస్తున్నాం," అన్నాడు.

"షెడ్డు దగ్గర్నుంచి చూస్తాను మామయ్యా," అన్నాడు కెంగో.

అక్కడితో సంబరం అయిపోలేదు. ఇట్లాంటి ఆటగాణ్ణి తెచ్చుకున్నప్పుడు, అతన్ని పోగొట్టుకున్న జట్టు బదులుగా మన జట్టులోంచి ఒకణ్ణి తీసుకుపోవచ్చు. అయితే, ఈ ఇరవై ఎనిమిది మందినీ ముట్టుకోవద్దు అని మనవాళ్ళు ఒక లిస్టు రాసిస్తారు. లిస్టులో లేనివాళ్ళలోంచి ఎవర్నైనా పట్టుకుపోవచ్చు. పట్టుకుపోతే ఆ మనిషి కాదనడానికి వీల్లేదు. ఆ లిస్టు రహస్యం, ఎప్పటికీ బయటికి రాదు. అందుకే దేశంలో అభిమానులందరూ తమ లిస్టు తాము రాసుకుంటారు. మా షాపులో అది ఒక పండగ. ఇన్నేళ్ళూ వేరే జట్ల కోసం రాశారు, మన జట్టు కోసం రాయడం అదే మొదటిసారి.

సోమవారం షాపుకి సెలవు. ఆ సోమవారం పదకొండు మంది కిరోసిన్ స్టవ్ చుట్టూ చేరారు. పాత క్యాలెండరు కాగితాలు పంచారు. వెనకవైపు ఇరవై ఎనిమిది నంబర్లు రాయాలి. పేర్లు రాయరు, వీపు మీది నంబర్లే. కాగితం అడుగున, అకిసావావాళ్ళు ఎవర్ని తీసుకుపోతారో ఒక్క నంబరు రాసి, ఆ భాగం పైకి మడిచి జిగురుతో అంటించాలి. అన్నీ ఒక పాత బిస్కెట్ డబ్బాలో పడతాయి. సీజను మొదటి ఆట రోజున డబ్బా తెరుస్తారు. సరిగ్గా రాసినవాడికి ఆ ఏడాదంతా టీవీకి ఎదురుగా ఉన్న కుర్చీ.

"ముప్పై ఏడు రాయకుండా ఈ షాపులో మెడ చాచే ధైర్యం ఎవరికుందయ్యా?" అన్నాడు ఒగురా. అందరూ నవ్వారు. నేను టీ పోస్తూ నవ్వాను.

నాన్న మాత్రం మోచేత్తో కాగితాన్ని కప్పుకుని పరీక్ష రాసేవాడిలా రాసుకుంటున్నాడు. కెంగో కమలాపళ్ళ బుట్ట తీసుకుని లోపలికొచ్చాడు.

"ఆటగాళ్ళు చూడకూడదు, ఇంటికి పో," అన్నాడు నాన్న తలెత్తకుండా.

కెంగో బుట్ట అక్కడ పెట్టి, పిల్లిలా అడుగులేసుకుంటూ వెనక్కి వెళ్ళాడు. దానికీ అందరూ నవ్వారు.

ఏడాది చివర ఇల్లూ షాపూ అంతా కడిగి తుడుచుకోవడం మా దగ్గర ఆనవాయితీ. ఇరవై తొమ్మిదో తారీకున పై అర తుడుస్తుంటే డబ్బా చేతికొచ్చింది. చూడకూడదని తెలుసు. చూశాను.

పది లిస్టుల్లో చివరి నంబరు ముప్పై ఏడు. అందరూ దాన్ని ఆఖర్నే రాశారు, అతిథికి ఆఖరి చికువ అట్టిపెట్టినట్టు. పదకొండోది నాన్న చేతిరాత. ఇరవై ఎనిమిది నంబర్లు నీటుగా నాలుగు వరసల్లో ఉన్నాయి. రెండుసార్లు వెతికాను. ముప్పై ఏడు లేదు. దాని బదులు తొంభై ఒకటి ఉంది. అడుగున మడత అంటించి ఉంది కాబట్టి అందులో ఏముందో కనబడలేదు, చూడాలనీ అనిపించలేదు.

నాన్న వెనక గదిలో కత్తెర్లకి నూనె రాస్తున్నాడు.

"నాన్నా, నీ లిస్టులో ముప్పై ఏడు లేదు."

"డబ్బా తీశావన్నమాట."

"తీశాను. ఒగురా మావయ్య రాశాడు. ఆ బ్యాంకాయన రాశాడు. పరాయివాళ్ళు పదిమంది రాశారు."

"వాళ్ళు మర్యాదకి రాశారు."

"ఆ మర్యాద కూడా నీకు లేకపోయింది."

"లిస్టు మర్యాద కోసం కాదు ఇకుయో."

"తొంభై ఒకటి రాశావు. ఆ పిల్లాడికి పంతొమ్మిదేళ్ళు. ఇంతవరకూ పెద్ద జట్టులో ఒక్క బంతి విసరలేదు."

"విసురుతాడు."

"మరి కెంగో?"

నాన్న కత్తెర్ని రెండుసార్లు ఆడించి చూసి, గుడ్డలో చుట్టాడు. "ఇరవై ఎనిమిదే కదా ఉన్నాయి," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెళ్ళయినప్పట్నుంచీ కెంగో ఆయన్ని మామయ్యా మామయ్యా అంటూ నెత్తిన పెట్టుకున్నాడు. ఆయనేమో ఊరూపేరూ లేని పిల్లాణ్ణి కాపాడి అల్లుణ్ణి వీధిలో పెట్టాడు. నిజమైన లిస్టు కాదు, ఆట లిస్టే అని నాకు తెలుసు. అందుకే ఇంకా మండింది. ఉత్తుత్తి లిస్టులో కూడా చోటివ్వలేకపోయాడు.

కొత్త సంవత్సరం రోజున, బియ్యప్పిండి ముద్దల పులుసు తింటూ కెంగోకి చెప్పాను. అతను పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"మామయ్య రాసింది సరైన లిస్టే. నేనైనా అట్లాగే రాస్తాను."

"నువ్వు కూడానా?"

"మూడో క్యాచర్ని ఎవరు తీసుకుంటారు? బీరువాకైతే తాళం వేస్తారు, చీపురుకట్టకి ఎవరు వేస్తారు చెప్పు."

నవ్వుతూనే అన్నాడు. ముప్పై మూడేళ్ళ మనిషి, బంతి పట్టడంలో ఊళ్ళో అతన్ని మించినవాడు లేడని పిచ్చర్లే చెప్పే మనిషి, తనని చీపురుకట్ట అనుకుంటుంటే నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నుంచి నాన్నతో పనికి కావలసిన మాటలు తప్ప మాట్లాడటం మానేశాను. తువ్వాలు అందుకో, వేడినీళ్ళు అయిపోయాయి, అంతవరకే. రెండు కుర్చీల దూరంలో నిలబడి రోజంతా అట్లా పని చెయ్యడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. మధ్యలో అమ్మ అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేసేది.

జనవరి పదకొండు, గురువారం. ఒగురా నా కుర్చీలో ఉన్నాడు. సగం మొహం గీశాను, సగానికి నురగ ఉంది. షాపు ఫోను మోగింది. కెంగో.

"ఇకుయో, నన్ను తీసుకున్నారు."

"ఎక్కడికి?"

"అకిసావాకి. ఇప్పుడే ఆఫీసుకి పిలిచి చెప్పారు. చాలా విచారిస్తున్నాం అన్నారు. సాయంత్రానికి లాకరు ఖాళీ చెయ్యమన్నారు."

"సరే," అన్నాను. ఫోను పెట్టేసి వచ్చి మిగతా సగం గీశాను. చెంప దగ్గర జాగ్రత్తగా, గడ్డం కింద ఇంకా జాగ్రత్తగా గీశాను.

"ఎవరమ్మా ఫోను?" అన్నాడు ఒగురా.

"కదలకండి మావయ్యా."

వేడి తువ్వాలుతో మొహం తుడిచాక చెప్పాను. "కెంగోని తీసుకున్నారు."

అమ్మ దువ్వెన ఆగిపోయింది. ఒగురా కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "నేను రాశానమ్మా," అన్నాడు. "నా లిస్టులో ముప్పై ఏడు ఉంది. కావాలంటే డబ్బా తీసి చూడు." తప్పు తనదే అయినట్టు రెండుసార్లు అన్నాడు.

నాన్న వెనక్కి తిరగలేదు. కస్టమరు చెవి పక్కన రెండు వెంట్రుకలు సరిచేసి, కత్తెర మూసి, "అకిసావాలో మంచు నడుం దాకా పడుతుంది. బూట్లు కొనాలి," అన్నాడు.

"నీ హయాసె ఖరీదు మా ఆయన నాన్నా," అన్నాను. "సరిపోయిందా?"

కస్టమర్లందరి ముందూ అన్నాను. నాన్న బ్రష్ తీసుకుని ఆ మనిషి మెడ దులిపాడు.

వెళ్ళనంటే ఇంక ఆటే లేదు కాబట్టి వెళ్ళాలా వద్దా అన్న మాట రాలేదు. నేను వెళ్ళాలా అన్నదే మిగిలింది. ఒప్పందం ఒక్క ఏడాదికే. వచ్చే శరదృతువులో పొమ్మంటే మళ్ళీ ఇక్కడికే రావాలి. మా దేశంలో మొగవాళ్ళు బదిలీ అయితే ఒంటరిగా వెళ్ళడం మామూలే. పైగా షాపులో మూడో కుర్చీ నాది, వదిలేస్తే అమ్మకి నడుం పడిపోతుంది. ఇట్లా కారణాలన్నీ నేనే చెప్పాను, కెంగో అన్నిటికీ తలూపాడు. ఒక్కదానికైనా కాదంటాడేమోనని చూశాను. అనలేదు.

ఫిబ్రవరి ఒకటిన అన్ని జట్ల శిక్షణా మొదలవుతుంది. ప్రతి ఏడూ దానికి ముందు నాన్న చేతే కెంగో జుట్టు కత్తిరించుకుంటాడు. ఆ ఏడూ వచ్చి మొదటి కుర్చీలో కూర్చున్నాడు. నేను మూడో కుర్చీ దగ్గర నేల ఊడుస్తున్నాను.

"అకిసావాలో ఒనో అని ఎడమచేతి పిచ్చర్ ఉన్నాడు," అన్నాడు నాన్న. "వాడికి తొందరెక్కువ. వరసగా రెండు బంతులు పక్కకి పోయాయంటే మూడోది గుడ్డిగా విసిరేస్తాడు. అప్పుడు లేచి దగ్గరికెళ్ళి మాట్లాడు. అన్నం తిన్నావా అని అడిగినా చాలు."

"సరే మామయ్యా."

"పెద్దాయన సకుమా ఉన్నాడు చూడు, ఆయన దగ్గరికి మాత్రం వెళ్ళకు. చిరాకు పడతాడు. కూర్చున్నచోటే కూర్చుని బంతిని కాస్త నెమ్మదిగా తిరిగివ్వు. ఆయనకి అర్థమవుతుంది."

"ఇవన్నీ మీకెట్లా తెలుసు?"

"శీతాకాలం పొడుగ్గా ఉంటుంది కదా."

"మన పిచ్చర్ల గురించి ఇంత తెలుసుకుంటే కనీసం నాలుగో స్థానమైనా వచ్చేది," అన్నాను చీపురు ఆపకుండా.

పనయ్యాక కెంగో లేచి, వంగి దణ్ణం పెట్టాడు. "అక్కడ జుట్టు ఎవరి దగ్గర కత్తిరించుకోమంటారు?"

"ఎవరి దగ్గరైనా సరే. చెవుల దగ్గర మాత్రం మిషన్ పెట్టనివ్వకు," అన్నాడు నాన్న. కెంగో మెడ అప్పటికే శుభ్రంగా ఉంది. అయినా మళ్ళీ ఒకసారి బ్రష్‌తో దులిపాడు.

మార్చి చివరి శుక్రవారం సీజను మొదలైంది. పగటి ఆట. షాపుకి అడ్డంగా చెక్క బల్లలు వేసి, ఒగురా బుట్టెడు చికువ తెచ్చి, పదకొండు మందీ టీవీ ముందు కూర్చున్నారు. పొద్దున్నే కెంగో ఫోన్ చేసి, "మొదట్నుంచీ నన్నే ఆడిస్తున్నారు," అని చెప్పాడు. వాళ్ళ క్యాచర్ మోకాలు ఇంకా కుదురుకోలేదట. పన్నెండేళ్ళలో మొదటి ఆట మొదటి బంతి అతను పట్టడం అదే తొలిసారి. నేను అమ్మకి చెప్పాను. నాన్నకి చెప్పలేదు, అమ్మ ఒక్క నిమిషంలో చెప్పేసింది.

టీవీలో మా ఆటే వస్తోంది. హయాసె రెండోసారి బ్యాటు పట్టుకుని బంతిని ఎడమవైపు గోడ దాటించి కొట్టాడు. షాపు దద్దరిల్లింది. బ్యాంకాయన టీ ఒలకబోసుకున్నాడు. పద్దెనిమిదేళ్ళు ఎదురుచూసిన మనిషి గంతులు వేస్తాడనుకున్నాను. నాన్న తలూపి, టీవీ కింది మూలన వేరే ఊళ్ళ ఆటల స్కోర్లు జారిపోతుంటే అటు చూస్తున్నాడు. అకిసావావాళ్ళు ఎదుటి జట్టుకి ఇంకా ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. వాళ్ళ పిచ్చర్ ఒనో.

"ఇంక డబ్బా తీయండి," అంది అమ్మ.

ఒగురా కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో మడత చింపాడు. అరవై మూడు. యాభై ఎనిమిది. మళ్ళీ అరవై మూడు. ఒగురా తన కాగితంలో ఎప్పుడో రిటైరైన పిచ్చర్ నంబరు రాసుకున్నాడు, దానికి అందరూ అతన్ని వాయించారు. పదీ తప్పే. చివరిది నాన్నది. ఒగురా మడత విప్పి, మనసులో చదువుకుని, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"చదవవయ్యా," అన్నారెవరో.

"ముప్పై ఏడు," చదివాడు ఒగురా. దాని కింద నాన్న రాసిన రెండు ముక్కలూ చదివాడు. "వాళ్ళ క్యాచర్ మోకాలు ఎండాకాలం దాకా కుదరదు. ఇతన్ని తీసుకోకపోతే వాళ్ళకి కళ్ళు లేనట్టే."

టీవీలో ఎవరో బంతి కొట్టారు. ఎవరూ చూడలేదు. తర్వాత అందరూ ఒకేసారి టీవీ వైపు తిరిగి, మహా శ్రద్ధగా చూడటం మొదలెట్టారు.

నేను నాన్న దగ్గరికి వెళ్ళాను. "కావాలనే రాశావా?"

"నేను రాస్తే జరగదు. జట్టువాళ్ళు నా లిస్టు అడగలేదు."

"నేనడిగింది అది కాదు."

నాన్న ఒళ్ళోని టోపీని అటూ ఇటూ తిప్పాడు. "పన్నెండేళ్ళు అతన్ని కూర్చోబెట్టారు. అందరు పిచ్చర్లూ అతనికే విసురుతామంటారు, ఆటలోకొచ్చేసరికి ఇంకొకడు పడతాడు. దాచుకుంటే ఇంకో రెండేళ్ళు ఆ షెడ్డు దగ్గరే ఉండి, అట్నుంచి అటే ఇంటికొచ్చేసేవాడు. నాకు హయాసె రావాలి. కెంగో ఆడాలి. రెండూ ఒక్క జట్టులో కుదిరేవి కావు."

"నాతో ఒక్క మాట చెప్పాల్సింది."

"చెప్తే వద్దనేదానివి. నువ్వు వద్దంటే నేను రాయలేను. పేరు రాయాల్సొచ్చినా రాయలేకపోయేవాణ్ణి. నంబరు కాబట్టి రాశాను."

నాకు సిగ్గేసింది. మూడు నెలలు ఆ మనిషి పక్కన నిలబడి తువ్వాలు, వేడినీళ్ళు తప్ప మాట్లాడలేదు. నలుగురిలో ఖరీదు కట్టి అడిగాను. ఆయన పడ్డాడు. ఒక్క మాటతో నా నోరు మూయించగలిగి ఉండి కూడా, మార్చి దాకా డబ్బా తెరవకూడదని ఊరుకున్నాడు. అంత పట్టుదల ఉన్నవాడే పద్దెనిమిదేళ్ళు ఉజుషియోని భరించగలడు.

"కుర్చీ నీదే టోకు," అన్నాడు ఒగురా.

నాన్న లేచి టీవీకి ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. మెడ మీద జుట్టు పెరిగి ఉంది, మూడు నెలలుగా కత్తిరించమని నన్ను అడగలేదు. అడక్కుండానే గుడ్డ తెచ్చి మెడకి కట్టాను. కత్తెర తీశాను.

"అకిసావాలో కటింగ్ షాపులు ఉంటాయా?" అన్నాడు కాసేపయ్యాక.

"ఉండకేం. అక్కడివాళ్ళకి మాత్రం జుట్టు పెరగదా?"

"మరి నువ్వు ఇక్కడేం చేస్తున్నావు?"

కత్తెర ఆగింది. నాన్న అద్దంలో నన్ను చూడలేదు, టీవీనే చూస్తున్నాడు. "నువ్వు కూడా నా లిస్టులో లేవమ్మా," అన్నాడు.

రెండో కుర్చీ దగ్గర అమ్మ తువ్వాళ్ళు మడతపెడుతోంది. "నా లిస్టులో ఉంది," అంది. "నన్నెవరూ రాయమనలేదుగా." ఇంకో తువ్వాలు తీసి మడతపెట్టింది. "బస్సు కాదు, రైల్లో వెళ్ళు. బస్సు నీకు పడదు."

ఏప్రిల్ రెండో వారంలో వెళ్ళాను. అకిసావాలో ఇంకా మంచు ఉంది. స్టేషను దగ్గర ఒక ముసలామె షాపులో రెండో కుర్చీ ఖాళీగా ఉంటే అడిగి చేరాను. కెంగో చెవుల దగ్గర ఎవరో మిషన్ పెట్టేశారు. మొదటి పనిగా అది సరిచేశాను. ఆ ఏడాది అతను ఎనభై నాలుగు ఆటలు ఆడాడు. బ్యాటింగ్ ఎప్పట్లాగే అంతంతమాత్రం. కానీ ఒనో పన్నెండు ఆటలు గెలిచి, పేపరువాళ్ళు కారణం అడిగితే, మా క్యాచర్ మాటిమాటికీ వచ్చి అన్నం తిన్నావా అని అడుగుతాడని చెప్పాడు. పేపర్లో అది చదివి నాన్న కత్తిరించి అద్దానికి దోపాడని అమ్మ చెప్పింది. హయాసె జూన్‌లో చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఉజుషియోది అయిదో స్థానం.

నవంబరులో నాన్న ఫోన్ చేశాడు. ఈసారి ఒక పిచ్చర్ వస్తాడట, ఖాయమట, మూడో పేపరు రాసిందట. అదంతా అయ్యాక, "ఈ ఏడు రెండు లిస్టులు రాస్తున్నాను," అన్నాడు. "ఒకటి మనకి, ఒకటి అకిసావాకి."

"అకిసావావాళ్ళు ఎవర్నీ తెచ్చుకోవట్లేదు నాన్నా. వాళ్ళకి లిస్టెందుకు?"

"తెచ్చుకుంటే?"

"సరే, ఏం రాశావు అందులో?"

అవతల కెటిల్ చప్పుడు వినిపిస్తోంది. ఒగురా ఏదో అంటున్నాడు, అమ్మ నవ్వుతోంది.

"ఇప్పటికి ఒక్క నంబరే రాశాను," అన్నాడు నాన్న.